లైన్ క్లియర్

మిషిగన్‌లోని ట్రాయ్. 2006 అక్టోబరులో ఒక బుధవారం, మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఆఫీసు నుంచి బిందుమాధవి చేసిన ఫోను అయిదోసారికి ఇంట్లో మోగింది. ఎత్తినవాడు తండ్రి పరంధామయ్య. ఆయనకి అబద్ధమాడటం చేతకాదని కూతురికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

"అబ్బే, ఏం లేదమ్మా. అంతా బానే ఉంది. నువ్వు భోంచేశావా?"

"పొద్దుట్నుంచీ నాలుగుసార్లు చేశాను నాన్నా. ఎందుకెత్తలేదు?"

"మోగితే కదే ఎత్తడానికి."

"అదే అడుగుతున్నా. ఎందుకు మోగలేదు?"

"ఫోన్ల సంగతి నాకేం తెలుసు. ఇప్పుడు మోగిందిగా, మాట్లాడుతున్నాంగా. మీటింగ్ అయిపోయిందా?"

"లంచ్ బ్రేక్ ఇచ్చారు. ఆ చప్పుడేంటి?"

"ఏ చప్పుడు?"

"డగడగమని."

"ఓ, అదా. పక్కింటాయన గడ్డి కోయిస్తున్నాడు."

"పక్కింట్లో ఆయనెవరు నాన్నా? ఆవిడొక్కతేగా ఉండేది. ఏడింటికే డ్యూటీకి పోతుంది."

"అయితే ఆ పక్కింటాయన."

"నాన్నా."

"ఊఁ."

"అది మన జనరేటర్. కరెంటు పోయిందా?"

"పోలేదు. తీశారు. పోవడం వేరు, తీయడం వేరు. వెనకాల లైను మీద పని చేసుకుంటున్నారు. పని చేసేటప్పుడు లైను ఆపే చెయ్యాలి, ఎక్కడైనా అంతే."

"ఎప్పుడు తీశారు?"

"తొమ్మిదికి."

"తొమ్మిదికా. మరి అమ్మ ఆక్సిజన్ మెషిన్?"

"నడుస్తోంది. కంగారుపడకు. నడుస్తోంది కాబట్టేగా నీతో ఇంత నింపాదిగా మాట్లాడుతున్నాను."

"నువ్వు నింపాదిగా లేవు నాన్నా. ముందు చెప్పకుండా తీసేశారా వాళ్ళు? మనింట్లో పేషెంట్ ఉందని రాసిచ్చాంగా."

"చెప్పారు. తలుపు గుబ్బకి కాగితం తగిలించి వెళ్ళారు. సోమవారం."

"సోమవారమా? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే లీవు పెడతావు. నీ లీవులన్నీ మీ అమ్మకే అయిపోయాయి. మీ ఆఫీసులో పోయిన నెల పన్నెండు మందిని ఇంటికి పంపారని నువ్వేగా మీ ఆయన గౌరీశంకర్‌తో అంటుంటే విన్నాను. తొమ్మిది నుంచి పదకొండని రాసుంది. రెండు గంటలు. సిలిండరు మూడు గంటలొస్తుంది. లెక్క సరిపోయింది. అందుకని ఊరుకున్నా."

"ఇప్పుడు పన్నెండు దాటింది."

"ఆ సంగతి వాళ్ళకి చెప్పు. పదకొండున్నరకి నెమ్మదిగా టీ తాగుతున్నారు."

"రెండో సిలిండర్?"

"శనివారం దసరా ప్రోగ్రాంకి తీసుకెళ్ళాం కదమ్మా. డాన్సులయ్యేదాకా కూర్చుంటానని మీ అమ్మేగా అంది. అందులో అయిపోయింది. కొత్తది రేపొస్తుంది."

"సరే. సరే, జనరేటర్ పెట్టావు, మంచి పని చేశావు. గరాజ్ బయటే పెట్టావుగా? లోపల పెడితే ఆ పొగకే చచ్చిపోతారు."

"బయటే. ఆ మాత్రం తెలీదా నాకు."

"మరి వైరు పైన అమ్మ గది దాకా ఎలా లాగావు? పొడుగు వైరు ఆయన ప్రోగ్రాంకి పట్టుకెళ్ళారు, స్టేజి లైట్లకని. ఇంకా తేలేదు."

"లాగాలే ఏదో. అమ్మా, ఇంకో కాల్ వస్తోంది, పెట్టేస్తా."

"ఇంకో కాల్ రావట్లేదు. ఎలా లాగావు?"

"లాగాను. మెషిన్ నడుస్తోందా లేదా, అది కదా కావాల్సింది."

"అమ్మకివ్వు ఒకసారి."

"పడుకుంది. మంచం పక్కనే రెండో ఫోనుంది, కావాలంటే ఆవిడే ఎత్తుతుంది. మాట్లాడిస్తే ఆయాసం. పదకొండున్నర నుంచి పన్నెండు దాకా చాలా అవస్థ పడింది బిందూ. నీకు చెప్పకూడదనుకున్నాను. సిలిండరు అడుగంటింది. గోళ్ళు నీలంగా అయిపోయాయి. మంచం కోడు పట్టుకుని నా వంక చూసింది. ఏమీ అనలేదు, చూసిందంతే."

"911కి చెయ్యాల్సింది నాన్నా."

"దేంతో? ఫోను చచ్చి ఉంది. ఇంట్లో ఉండే సెల్లు గౌరీశంకర్ పట్టుకుపోయాడు. ఆవిణ్ణి వదిలి వీధినపడి ఎవర్ని పిలవను? పగటిపూట ఈ వీధిలో కుక్క కూడా ఉండదు. ఇప్పుడు ఫరవాలేదులే. రంగు వచ్చింది. ఇందాకే చూసి కిందికొచ్చాను."

"ఎన్ని గంటలకిస్తారట కరెంటు? ఒకవేళ ఇచ్చేశారేమో. పక్కింట్లో లైటుందేమో చూడు."

"ఇదేమన్నా తణుకా, పక్కింట్లోకి తొంగిచూడ్డానికి."

"చూడు నాన్నా. ఆవిడ గరాజ్ మీద లైటు ఎప్పుడూ ఆర్పదు. వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది."

"..."

"ఉందా?"

"ఉంది."

"హమ్మయ్య. అయితే వచ్చేసింది. జనరేటర్ ఆపేసి మెషిన్ మామూలుగా పెట్టెయ్."

"రాలేదమ్మా."

"లైటు వెలుగుతోందన్నావుగా."

"వెలుగుతోంది. కానీ రాలేదు."

"రెండిళ్ళకీ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్ అని నువ్వే చెప్పావు. ఆవిడకొస్తే మనకొచ్చినట్టే."

"మీ మీటింగ్‌కి టైం అవుతోందేమో చూసుకో."

"నాన్నా. ఆ లైటు దేంతో వెలుగుతోంది? మన జనరేటర్‌తోనా?"

"..."

"ఏం చేశావు? వైరు ఎక్కడ పెట్టావు?"

"డ్రయ్యర్ ప్లగ్గులో."

"డ్రయ్యర్ ప్లగ్గులో పెట్టడమేంటి? అందులోంచి కరెంటు తీసుకుంటాంగానీ..."

"ఇవ్వచ్చు కూడా. రెండువైపులా ప్లగ్గు ఉన్న వైరు ఒకటి చేసి పెట్టాను, ఆ పెద్ద బ్లాకవుట్ వచ్చిన ఏడాది. జనరేటర్‌లో ఒక కొస, గోడలో ఒక కొస. ఇల్లంతా వస్తుంది. మన కరెంటాఫీసు క్వార్టర్స్‌లో ఎన్నిసార్లు చెయ్యలేదు అలాగ."

"క్వార్టర్స్‌లో మెయిన్ ఆపి చేసేవాడివి. ఫ్యూజులు పీకి జేబులో వేసుకునేవాడివి. ఇక్కడ మెయిన్ ఆపావా?"

"ఆపాను."

"ఆపితే పక్కింట్లో లైటెలా వెలుగుతోంది?"

"ఆపానే. ఒట్టు. కింద బేస్‌మెంట్‌లోకి దిగి, మెయిన్ అని రాసుంటే ఆపాను."

"మరి?"

"నన్ను కోర్టులో అడిగినట్టు అడక్కు బిందూ."

"ఇది చెప్పు నాన్నా. లైను మీద మనిషున్నాడా?"

"ఉన్నాడు. మూల స్తంభం దగ్గర. మన స్తంభం దగ్గర కాదు, మూల స్తంభం. లారీ మీంచి పైకి లేచే బుట్టలో ఒకడు, కింద ఒకడు. బుట్టలో ఉన్నతను గడ్డం మనిషి. పొద్దున్న నేను పేపరు తెచ్చుకుంటుంటే గుడ్ మార్నింగ్ చెప్పాడు."

"మనం పంపే కరెంటు ఆయన దాకా వెళ్తుందా?"

"ఆ స్తంభం దాకా వెళ్ళదు. అక్కడ తీగల్ని భూమికి కలిపి ఎర్తులు కట్టుకున్నారు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, పసుప్పచ్చ కర్రతో తగిలించారు. మన ట్రాన్స్‌ఫార్మర్‌కీ ఆ లైనుకీ మధ్య పైన ఫ్యూజు తీసేశారు. కాబట్టి మనది మన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఆగిపోతుంది. అటు పోదు. ఇంజినీర్ని నేను, లెక్క చూసుకునే వేశాను."

"ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగిపోవడమంటే?"

"ఆగిపోవడమంటే ఆగిపోవడమే."

"అక్కడెంతుంటుంది? చెప్పు. రెండొందల నలభైయేనా? నాన్నా, నాకు చిన్నప్పుడు నువ్వే పాఠం చెప్పావు. ట్రాన్స్‌ఫార్మర్‌కి అటూ ఇటూ తెలియదన్నావు. ఇటు రెండొందల నలభై ఇస్తే అటెంత?"

"ఏడు వేలు. ఏడు వేల పైచిలుకు."

"ఆయన ఇటొస్తే?"

"ఇటు రాడు. ఇటేం పనుంది. మూలన పాత స్తంభం మారుస్తున్నారు. రాకపోవచ్చు."

"రాకపోవచ్చా?"

"ఒకవేళ వచ్చినా చూసుకుంటారమ్మా. టెస్టు చెయ్యకుండా ముట్టుకోరు. ఇది అమెరికా."

"మీ లైన్‌మన్ భీమశంకరం కూడా చూసుకునేవాడు నాన్నా."

"ఆ పేరెత్తకు."

"నా స్కూలు బ్యాగు సైకిలు మీద పెట్టుకుని తీసుకెళ్ళేవాడు. నువ్వే ఎల్.సి. ఇచ్చావు, లైన్ క్లియర్‌గా ఉంది ఎక్కమని సంతకం పెట్టిచ్చావు. ఎవరో సినిమా హాలు వాళ్ళు జనరేటర్ వేసుకున్నారు."

"ఆ పేరెత్తొద్దన్నానా."

"నెల్లాళ్ళు నువ్వు అన్నం సరిగ్గా తినలేదు. ఆ హాలు వాణ్ణి ఉరి తియ్యాలన్నావు. నేను తలుపు చాటునుంచి విన్నాను."

"వాడు సినిమా ఆడించుకోడానికి వేశాడు. నేను సినిమా ఆడించుకోడానికి వేశానా? మీ అమ్మ ఊపిరికోసం వేశాను. రెండూ ఒకటేనా?"

"పైన ఉన్నవాడికి ఒకటే."

"..."

"నాన్నా, ఉన్నావా?"

"ఉన్నాను."

"ఇటు విను. ఆఫీసు ఫోన్లో 911కి చేస్తున్నా. నువ్వు లైన్లోనే ఉండు, పెట్టెయ్యకు. ఒక్క నిమిషం."

"పోలీసులొస్తారా?"

"అంబులెన్స్ వస్తుంది. ఆగు."

"..."

"నాన్నా? చెప్పాను. ఆక్సిజన్ తీసుకుని వస్తున్నారు. ఎనిమిది నిమిషాలన్నారు. లైను వాళ్ళకి కూడా కబురు పంపుతామన్నారు గానీ ఎంతసేపు పడుతుందో చెప్పలేమన్నారు. ఇప్పుడు జనరేటర్ ఆపెయ్."

"ఎనిమిది నిమిషాలు."

"ఎనిమిదే. ఓర్చుకుంటుంది అమ్మ. పదకొండున్నర నుంచి ఓర్చుకుంది కదా."

"అప్పుడు సిలిండర్లో అడుగూ బొడుగూ ఉంది. ఇప్పుడేమీ లేదు. నువ్వు చూళ్ళేదు కాబట్టి ఎనిమిది అంటున్నావు. నేను చూశాను. మూడు నిమిషాలకి కళ్ళు తేలేసింది."

"మెషిన్ కిందికి మోసుకురాగలవా? జనరేటర్ దగ్గరికి?"

"యాభై పౌన్లు. హెర్నియా ఆపరేషనైన మనిషిని. ప్రయత్నం చెయ్యలేదనుకున్నావా? రెండు మెట్లు దించాను, చేతుల్లోంచి జారబోయింది. మళ్ళీ పైకి తోశాను. అది పగిలితే అసలుకే ఎసరు."

"పోనీ వెళ్ళి వాళ్ళకి చెప్పు. పరుగెత్తి చెప్పు, ఇటు రావద్దని."

"చెప్తే ఏమంటారు? ముందు అది ఆపు అంటారు. నేనైనా అదే అంటాను. ముప్ఫై రెండేళ్ళు అదే అన్నాను."

"అయితే నువ్వే ఆపు."

"బిందూ..."

"ఏంటి?"

"లారీ కదులుతోంది."

"ఎటు?"

"ఇటే. వెనక్కొస్తోంది. బుట్ట దించేశారు. వెనక్కి వెనక్కి వస్తోంది. మన కంచె దగ్గరికి. మన స్తంభం దగ్గరికే వస్తున్నారు బిందూ."

"నాన్నా, ఆపు. ఇప్పుడే ఆపు. పరుగెత్తు."

"వెళ్తున్నా. వెళ్తున్నా. గరాజ్ తలుపు... ఆ. ఆగు."

"..."

"ఆపేశాను."

"ఆపావా?"

"ఆపేశానమ్మా. చప్పుడు లేదు, వినిపించట్లేదూ? లోపలికొచ్చేశాను."

"దేవుడా. అమ్మ దగ్గరికి వెళ్ళు. కూర్చోబెట్టు, పడుకోనివ్వకు, కిటికీ తెరువు. ఇంకో ఏడు నిమిషాలు. నేను బయల్దేరుతున్నా. దార్లో మళ్ళీ నీకు ఫోను..."

"అలాగే. జాగ్రత్తగా రా. కంగారుగా నడపకు."

"నాన్నా."

"ఊఁ."

"నీ చేతిలో ఉన్నది ఏ ఫోను?"

"ఏ ఫోనేంటి. ఇంట్లో ఫోనే. వంటింట్లోది."

"కార్డ్‌లెస్."

"ఊఁ, అదే."

"దానికి కరెంటు లేకపోతే మాట్లాడదు నాన్నా. పొద్దుట్నుంచీ అందుకే మోగలేదు. జనరేటర్ వేశాకే మోగింది. నువ్వు నిజంగా ఆపుంటే నేనిప్పుడు అంటున్న మాట నీకు వినిపించకూడదు. తలుపు మూసొచ్చావు అంతే కదా? చప్పుడు వినపడకుండా తలుపు మూసి, నాకు ఆపానని చెప్పావు."

"స్విచ్చు మీద చెయ్యేశానే. వేశాను. నొక్కలేకపోయాను. ఆ స్విచ్చు చూస్తుంటే నాకు స్విచ్చు కనపడలేదు, మీ అమ్మ గోళ్ళు కనపడ్డాయి. నాకు భయంగా ఉంది బిందూ. యాభై ఏళ్ళు కాపురం చేశాను. నా చేత్తో ఎలా నొక్కను?"

"నాకూ అమ్మే నాన్నా."

"తెలుసు."

"తెలియక చేశావు. మెయిన్ ఆగిందనుకున్నావు, అది ఆగలేదు. పాత ఇల్లు, ఎవరికైనా జరిగేదే. కానీ ఇప్పుడు తెలిసింది కదా. తెలిశాక కూడా..."

"తెలియక కాదు."

"అంటే?"

"మెయిన్ ఆగింది. నేను ఆపితే ఆగింది. కానీ ఈ ఇంటి పెట్టె పాత రకం. ఆ మెయిన్ ఆపితే డ్రయ్యర్ నుంచి పైగదికి కరెంటు ఎక్కట్లేదు. మెషిన్ తిరగలేదు. మళ్ళీ కిందికి దిగాను. ఆ స్విచ్చు వేస్తేనే పైగదికొస్తుంది. వేస్తే వీధిలోకీ పోతుంది. రెండూ ఒకే కడ్డీ మీదున్నాయి, విడదియ్యడానికి లేదు. పెట్టె ముందు నిలబడ్డాను. అయిదు నిమిషాలుంటుంది. పైన మీ అమ్మ మంచం మీద కొడుతున్న చప్పుడు వినపడుతోంది, చేత్తో. నేను కింద లెక్కలు చూసుకుంటున్నాను. మూల స్తంభం దగ్గరున్నాడు కదా, ఇటు రాడులే అనుకున్నాను. అనుకుని వేశాను."

"నాన్నా..."

"పక్కింట్లో లైటు వెలగ్గానే చూశాను. నువ్వు చూడమనక ముందే చూశాను. తెలిసే చేశానమ్మా. ముప్ఫై రెండేళ్ళ ఉద్యోగంలో ఎవణ్ణి ఉరి తియ్యాలన్నానో వాడి పనే చేశాను, వాడికైనా తెలియదేమో, నాకు తెలుసు."

"ఇప్పుడేం చేస్తున్నారు వాళ్ళు? కిటికీలోంచి చూడు."

"లారీ ఆగింది. కదలకుండా దాని ఇనపకాళ్ళు నేలకి దించుతున్నారు. గడ్డం మనిషి బుట్టలో ఎక్కాడు. చేతికి ఆ పెద్ద తొడుగులు వేసుకుంటున్నాడు."

"టెస్టు కర్ర ఉందా చేతిలో?"

"కనపడట్లేదు. కింద ఉన్నవాడి దగ్గరుందేమో. నాకు కళ్ళజోడు మసకేసింది. లేస్తోంది బుట్ట. నెమ్మదిగా లేస్తోంది."

"నాన్నా, నీకు దండం పెడతాను. ఆపు. ఆయనకీ ఇంట్లో ఎవరో ఉంటారు. ఇంకో ఆరు నిమిషాల్లో అంబులెన్స్ వచ్చేస్తుంది. అమ్మకేమీ కాదు."

"అమ్మకేమీ కాదని రాసివ్వగలవా?"

"లేను."

"నువ్వైతే ఆపుతావా? నువ్విక్కడుంటే, పైన ఆవిడ ఊపిరి వినపడుతుంటే, ఆపుతావా? నిజం చెప్పు."

"నాకు తెలియదు నాన్నా. తెలియదు. నేను అక్కడ లేను. ఆపమని అడుగుతున్నా అంతే."

"బుట్ట తీగల దాకా వెళ్ళింది."

"నాన్నా."

"బిందూ..."

"ఎవరు? అమ్మా? నువ్వెప్పుడెత్తావు ఫోను?"

"మొదట్నుంచీ... వింటూనే ఉన్నా."

"నళినీ, మాట్లాడకు. పెట్టెయ్ ఫోను, ఆయాసమొస్తుంది. పడుకో. నేను పైకొస్తున్నా."

"పైకి రాకండి... ఏవండీ."

"చెప్పు నళినీ. చెప్పు, తొందరగా చెప్పు."

"ఏడు వేలని మీరన్నప్పుడే... నా ముక్కు గొట్టం తీసి కింద పడేశాను. అప్పట్నుంచీ ఆ మెషిన్ ఊరికే తిరుగుతోంది... వెళ్ళి ఆపండి."